ఈ-మెయిల్ గీచిన స్నేహాల పటము

ఉపాధ్యాయ శిక్షణ పొందినవారికి 'సాంఘికమితి' అన్న మాట క్రొత్త కాదు. తరగతిలోని పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి, "నీ ప్రక్కన ఎవరు కూర్చుంటే నీకు ఇష్టము?" అని అడగడము, వచ్చిన సమాధానాలను చిన్నచిన్న వలయాలుగాను బాణపు గుర్తులుగాను కాగితము మీద గీయడము, శిక్షణ కాలములో రికార్డు పుస్తకము కొరకైనా చాలామంది చేసిన పనియే. అనేకులు కోరుకొన్న పిల్లవాడు పటము నడుమ నిలుస్తాడు. ఎవరూ కోరని పిల్లవాడు ఒక మూల ఒంటిగా ఉండిపోతాడు.

ఈ పద్ధతికి ఆద్యుడు జేకబ్ మొరీనో. 1889లో బుఖారెస్టు నగరములో పుట్టి, వియన్నాలో వైద్యము చదివి, 1925లో అమెరికా చేరిన మనోవైద్యుడు ఈయన. న్యూయార్కు రాష్ట్రములో హడ్సన్ అనే ఊరిలోని బాలికల శిక్షణాలయము నుండి 1932లో కొందరు బాలికలు వెంటవెంటనే పారిపోయారు. కారణము ఒక్కొక్క బాలిక స్వభావములో గాక, వారి మధ్యగల సంబంధాల అల్లికలో ఉండవచ్చునని మొరీనో తలచాడు. హెలెన్ హాల్ జెన్నింగ్స్ సహాయముతో, ఎవరితో కలిసి ఉండ గోరుతావని బాలికలను అడిగి, ఆ సమాధానాలను పటాలుగా గీచాడు. 1933లో వాటిని న్యూయార్కులో ప్రదర్శించాడు. 1934లో గ్రంథరూపములో ప్రకటించాడు. ఇందులో మనము గుర్తుంచుకోవలసిన విషయము ఒక్కటి ఉన్నది. మొరీనో ముందు అడిగాడు, తరువాత గీచాడు.

ఇప్పుడు ఎవరినీ అడగకుండానే ఇట్టి పటము గీయడము సాధ్యమైనది. మనము వ్రాసే ఈ-మెయిల్ ఉత్తరాలే అందుకు ముడిసరుకు. ఈ దారిలో వచ్చిన ప్రయత్నాలలో ఎక్కువగా పేరు పొందినది 2013లో అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా లాబ్ వారు తయారుచేసిన 'ఇమ్మర్షన్' అనే సాధనము. డేనియల్ స్మిల్కోవ్, దీపక్ జగదీశ్, సెసార్ హిడాల్గో అనే ముగ్గురు దీని నిర్మాతలు. ఈ సాధనము ఏమి చూపినది, ఏమి చూపలేకపోయినది, అది చూపిన దానిని మనము ఎంతవరకు నమ్మవచ్చును అన్న ప్రశ్నలను పరిశీలించడమే ఈ వ్యాసము ఉద్దేశము.

కవరు చాలును

పోస్టులో వచ్చే ఉత్తరానికి లోపలి వ్రాత వేరు, కవరు మీది వ్రాత వేరు. ఎవరు పంపారు, ఎవరికి పంపారు, పోస్టు ముద్రపై ఏ తేదీ ఉన్నది అనే వివరాలు కవరు చింపకుండానే తెలుస్తాయి. ఈ-మెయిల్‌కు కూడ ఇట్టి కవరు ఉన్నది. పంపినవారు, అందుకొనువారు, నకలు అందుకొనువారు, తేదీ, కాలము అనే పంక్తులు ప్రతి ఉత్తరానికీ తలకట్టుగా ఉంటాయి. ఈ పంక్తుల రూపము ప్రపంచమంతటా ఒకే తీరున ఉండునట్లు 1982లోనే ఒక ప్రమాణము ప్రకటింపబడినది. ఇట్టి కవరుమీది సమాచారాన్నే నేడు 'మెటాడేటా' అంటున్నారు.

ఇమ్మర్షన్ ఈ కవరును మాత్రమే చదివినది. ఉత్తరములోని విషయాన్ని ముట్టలేదు. ఈ నిగ్రహము గమనింపదగినది. ఎందుకంటే, ఇదే సంస్థలో అంతకుముందు జరిగిన పనులలో ఒకటైన 'థీమెయిల్', 2006లో ఫెర్నాండా వియేగాస్, ఆమె సహచరులు ప్రకటించినది, ఉత్తరాలలోని మాటలనే లెక్కించి, ఇద్దరి మధ్య ఏ నెలలో ఏ మాటలు ప్రత్యేకముగా దొర్లాయో వరుసలుగా పేర్చి చూపినది. ఇమ్మర్షన్ అంత లోపలికి పోలేదు. పోకుండానే ఎంత తెలుస్తుందో చూపడమే దాని ప్రయోజనము.

అది చేసిన పని మూడు మెట్లలో చెప్పవచ్చును. మొదట, ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపిన ప్రతి మనిషికీ ఒక వలయము గీయడము. ఉత్తరాలు హెచ్చయిన కొద్దీ వలయము పెద్దదవుతుంది. రెండవది, ఒకే ఉత్తరములో ఇద్దరి పేర్లు కలిసి కనబడితే ఆ ఇద్దరి వలయాలను గీతతో కలపడము. మూడవది, తమలో తాము దట్టముగాను ఇతరులతో పలుచగాను కలిసియున్న వలయాలను ఒక గుంపుగా గుర్తించి ఒకే రంగు వేయడము. ఇట్టి పటాలలో యజమాని వలయాన్ని సాధారణముగా తీసివేస్తారు. పెట్టెలోని అందరితోను అతనికి సంబంధము ఉన్నది గదా! అతనిని ఉంచితే గీతలన్నీ అతని దగ్గర ముడిపడి, మిగిలినవారి అల్లిక కనబడదు. యజమాని పోయిన తరువాత ఇల్లు వేరు, కళాశాల వేరు, చిన్ననాటి స్నేహితులు వేరుగా, ద్వీపాలవలె పటము విడిపోతుంది. ఇరు ద్వీపాలను కలిపే మనిషి ఎవరో కూడ తెలుస్తుంది. పటము అడుగున కాలరేఖ ఒకటి ఉండేది. దానిని జరుపుతూ పోతే, ఏ యేడు ఏ ద్వీపము పుట్టినది, ఏ యేడు కరిగినది, కళ్ళెదుట కనబడేది.

ఇది వెలువడిన సమయము కూడ చెప్పుకోదగినది. ఆ యేడు జూన్ నెలలోనే ఎడ్వర్డ్ స్నోడెన్ ద్వారా అమెరికా జాతీయ భద్రతా సంస్థ రహస్యాలు బయటపడినాయి. కోట్లమంది టెలిఫోను వివరాలు సేకరింపబడుతున్నట్లు తెలిసినది. సంభాషణలను ఎవరూ వినడము లేదు, ఎవరు ఎవరికి ఎప్పుడు ఫోను చేశారో మాత్రమే సేకరిస్తున్నాము, అన్నది ఆనాటి ప్రభుత్వ వాదము. 'మాత్రమే' అన్న ఆ మాటలో ఎంత ఇమిడి ఉన్నదో సామాన్యుడు తన పెట్టెతోనే పరీక్షించి చూచుకొనే వీలు ఇమ్మర్షన్ కల్పించినది. పని ముగించి వెళ్ళునప్పుడు, తీసుకొన్న వివరాలను ఉంచవలెనా, తుడిచివేయవలెనా అని యజమానినే అడిగేది. ఈ రెండు గుణాలకు నిర్మాతలను మెచ్చుకోవలసినదే.

ఒక్క సర్క్యులరు చేసే పని

ఇక లోపాలను చూద్దాము. మొదటి చిక్కు గీతల లెక్కలో ఉన్నది. దీనిని నల్లబల్ల మీద వేసి చూపవచ్చును.

ఒక ప్రధానోపాధ్యాయుడు ఒక నెలలో ఎనిమిది ఉత్తరాలు వ్రాశాడనుకొందాము. నాలుగు ఉత్తరాలు లెక్కల మాష్టారికి, సైన్సు మాష్టారికి కలిపి పంపాడు. మూడు ఉత్తరాలు లెక్కల మాష్టారికి, గుమాస్తాకు కలిపి పంపాడు. ఒక్క ఉత్తరము, సెలవులను గురించిన సర్క్యులరు, వీరు ముగ్గురితోబాటు తెలుగు పండితునికి, డ్రిల్లు మాష్టారికి, అనగా మొత్తము అయిదుగురికి పంపాడు. అయిదుగురి మధ్య సాధ్యమయ్యే జతలు పది. సర్క్యులరులో అందరి పేర్లు ఉన్నందున పది గీతలూ పడతాయి. ఇందులో నిజముగా కలిసి పనిచేసిన జతలు రెండే. మిగిలిన ఎనిమిది గీతలు ఆ ఒక్క సర్క్యులరు గీచినవే! నలుబదిమందికి పంపిన సర్క్యులరు అయితే 780 గీతలు పడతాయి.

దీనికి మందు లేకపోలేదు. శాస్త్రజ్ఞులు కలిసి వ్రాసిన పరిశోధన పత్రాలను లెక్కించునప్పుడు మార్క్ న్యూమన్ 2001లో ఒక ఉపాయము వాడాడు. ఒక పత్రములో ఎంతమంది ఉంటే అంతకు ఒకటి తగ్గించి, ఆ సంఖ్యతో ఒకటిని భాగించి, ఒక్కొక్క జతకు ఆ భాగాన్ని మాత్రమే ఇవ్వడము. ఉత్తరాలకు కూడ దీనిని అన్వయించవచ్చును. ఇద్దరికి పంపిన ఉత్తరము ఆ జతకు 1 ఇస్తుంది. అయిదుగురికి పంపినది ఒక్కొక్క జతకు 1/4 మాత్రమే ఇస్తుంది. పై ఉదాహరణలో లెక్కల, సైన్సు మాష్టార్ల గీత బలము, మామూలు లెక్కలో 5, సర్క్యులరు గీత బలము 1. భాగించిన లెక్కలో మొదటిది 4 1/4, రెండవది 1/4. అనగా 5 రెట్లుగా ఉన్న తేడా 17 రెట్లు అయినది. ఉత్తరాలు అవే, మనుషులు వారే. లెక్క మార్చగానే పటము మారినది. ఏ లెక్క వాడారో చెప్పని పటాన్ని, కొలబద్ద ఇవ్వని దేశపటముతో పోల్చవచ్చును.

చోటుకు అర్థము లేదు

రెండవ చిక్కు కంటికి సంబంధించినది. దేశపటములో కర్నూలు, కడప దగ్గరగా కనబడితే అవి నిజముగా దగ్గరి ఊళ్ళే. స్నేహాల పటములో అట్లా కాదు.

వలయాలను ఎక్కడ ఉంచవలెనన్నది కంప్యూటరు భౌతికశాస్త్రము నుండి అరువు తెచ్చుకొన్న పద్ధతితో నిర్ణయిస్తుంది. గీతతో కలిసిన రెండు వలయాల మధ్య స్ప్రింగు ఉన్నట్లు, అన్ని వలయాలు సజాతి విద్యుదావేశాలవలె ఒకదానినొకటి నెట్టుకొనుచున్నట్లు భావించి, బలాలు సరితూగువరకు వాటిని కదలనిస్తారు. 1984లో పీటర్ ఈడ్స్ ఈ పద్ధతిని ప్రతిపాదించాడు. 1991లో ఫ్రుక్టర్‌మన్, రైన్‌గోల్డ్ దీనిని మెరుగుపరిచారు. విద్యార్థులు గమనింపవలసిన వింత ఒకటి ఇందులో ఉన్నది. ఈడ్స్ వాడిన స్ప్రింగు హుక్ సూత్రానికి లోబడినది కాదు. దూరముగానున్న వలయాలపై హుక్ స్ప్రింగు మరీ గట్టిగా లాగుతున్నదని, ఆయన లాగరిథమును అనుసరించే స్ప్రింగును ఊహించాడు. అట్టి స్ప్రింగు బజారులో దొరకదు. పటము చక్కగా వచ్చుటకు కల్పించుకొన్నది.

వలయాలు మొదట ఎక్కడ ఉన్నవో దానిని బట్టి అవి చివరకు ఆగే చోటు మారుతుంది. ఒకే పెట్టెకు రెండుసార్లు పటము గీస్తే, రెండవసారి అది తిరగబడి రావచ్చును, కొన్ని వలయాలు వేరొక ప్రక్క ఆగవచ్చును. కావున పైన, క్రింద, కుడి, ఎడమ అన్నవాటికి అర్థము లేదు. అంచున ఉన్నవాడు అల్పుడు కాడు, నడుమ ఉన్నవాడు నాయకుడు కాడు. అర్థము ఉన్నది గీతలకు మాత్రమే. కాని కన్ను గీతలను లెక్కించదు, చోటునే చూస్తుంది.

వలయపు పరిమాణములో కూడ ఇట్టి మోసమే ఉండవచ్చును. వ్యాసార్ధాన్ని ఉత్తరాల సంఖ్యకు అనుపాతముగా తీసుకొంటే, నాలుగు రెట్లు ఉత్తరాలు వ్రాసినవాని వలయ వైశాల్యము పదహారు రెట్లు అవుతుంది. కన్ను చూచేది వైశాల్యాన్నే గదా!

ఈ పొరపాటు ఎంత దూరము పోగలదో ఒకసారి చూచాను. ఒక కళాశాలలో ఉద్యోగుల పనితీరును సమీక్షించే సభలో, ఒక అర్ధసంవత్సరపు ఈ-మెయిల్ ఉత్తరాలనుండి గీచిన పటాన్ని తెర మీద చూపారు. ఒక మూల ఏ గీతా లేని చిన్న చుక్క ఉన్నది. "ఈయనకు ఎవరితోను సంబంధము ఉన్నట్లు లేదే!" అని సభ నడిపేవారు నవ్వుతూ అన్నారు. ఆ చుక్క విశ్రాంతికి దగ్గరపడిన ఒక వృక్షశాస్త్ర అధ్యాపకుడు. చెప్పవలసినది ఏదైనా ఉంటే మెట్లు దిగి వచ్చి చెప్పి వెళ్ళే మనిషి. ఏ ప్రయోగశాలలో ఏ పరికరము చెడినా పిల్లలు మొదట వెతుక్కొనేది ఆయననే. ఆయన ఆ రోజు ఏమీ అనలేదు. తరువాత పదిరోజులు మాతో టీ త్రాగడానికి రాలేదు. పటము అబద్ధము చెప్పలేదు. ఆయన ఉత్తరాలు వ్రాయలేదని మాత్రమే అది చెప్పినది. మిగిలినది చూచినవారు చేర్చుకొన్నది.

తక్కువ చెప్పి ఎక్కువ బయటపెట్టడము

ఆ సభ తరువాత నా సొంత పెట్టెలోని కవరు పంక్తులను మాత్రమే తీసి, నేనే ఒక పటము గీచి చూచుకొన్నాను. అందరికంటె పెద్ద వలయము పరీక్షల విభాగములోని ఒక గుమాస్తాది. మేము ఇద్దరము ముఖాముఖిగా కలిసినది మూడుసార్లు. నా చదువుకు దారి చూపిన గురువు అంచున ఆవగింజంత చుక్క. మా అమ్మ పటములో లేనే లేదు. ఆమె ప్రతి సాయంత్రము ఫోను చేస్తుంది. ఆమెకు ఈ-మెయిల్ లేదు. ఇంతవరకు చూస్తే, ఈ పటానికి నా జీవితము ఏమీ తెలియదని నవ్వుకోవచ్చును.

కాని అదే పటాన్ని కాలరేఖతో కలిపి ఒక మిత్రునికి చూపినప్పుడు నవ్వు ఆగిపోయినది. ఆయన ఒక చోట వ్రేలు పెట్టి, "ఆ యేడు మీ ఇంట్లో ఎవరికైనా జబ్బు చేసినదా?" అని అడిగాడు. మా నాన్నగారు ఆ యేడు అయిదు నెలలు మంచములో ఉన్నారు. నేను ఆయనకు ఎన్నడూ చెప్పలేదు. ఆ అయిదు నెలలు నా ఉత్తరాలన్నీ రాత్రి ఒంటిగంట తరువాత వెళ్ళినవి. స్నేహితుల ద్వీపము ఎండిపోయినది. వేరే ఊళ్ళో ఉన్న అక్కయ్యతో అదివరకు లేని రాకపోకలు మొదలైనవి. ఒక్క మాట కూడ చదవకుండా, కవర్లు చూచి ఆయన కనిపెట్టాడు.

ఈ రెండు అనుభవాలను కలిపి చూడవలెను. ఈ పటము మనకు అత్యంత ఆప్తులైనవారిని చూపలేదు. మనము చెప్పుకోదలచని దానిని దాచలేదు. నిజాన్ని తక్కువ చేసే దోషము, గోప్యాన్ని బయటపెట్టే దోషము ఒకే బొమ్మలో ఉన్నాయి. మెటాడేటాకు ఏమీ తెలియదనేవారు, దానికి సమస్తమూ తెలుసుననేవారు, ఇరువురూ సగమే చెపుతున్నారు.

ఇంకొక విషయము నిర్మాతల చేతిలో లేనిది, అయినా విమర్శింపదగినది. పెట్టె నాదే గాని అందులోని పేర్లు నావి కావు. పటము గీయడానికి నేను ఒప్పుకొన్నాను. నాకు ఉత్తరాలు వ్రాసిన వందమంది ఒప్పుకొన్నారా? అమెరికాలో ఎన్‌రాన్ అనే ఇంధన సంస్థ 2001 డిసెంబరులో దివాలా తీసిన తరువాత, విచారణ జరిపిన ప్రభుత్వ సంఘము 2003లో ఆ సంస్థవారి ఉత్తరాలను బహిరంగపరిచినది. పరిశోధకుల మధ్య ప్రచారములో ఉన్న ప్రతిలో సుమారు 150 మంది పెట్టెల నుండి తీసిన దాదాపు 5 లక్షల ఉత్తరాలు ఉన్నాయి. ఉత్తరాల వలలను గురించిన పరిశోధనకు అది గొప్ప గని అయినది. కాని తప్పు చేసినవారి ఉత్తరాలతోబాటు, ఏ తప్పూ చేయని గుమాస్తాల, బంధువుల, స్నేహితుల పేర్లు కూడ లోకానికి ఎక్కినాయి. వారిని ఎవరూ అడగలేదు.

అడగడము ఎందుకు?

ఈ రంగములో జరిగిన మంచి పనిని గమనిస్తే దారి దొరుకుతుంది. 2003లో హ్యూలెట్ పాకార్డ్ పరిశోధనశాలలో టైలర్, విల్కిన్సన్, హ్యూబర్‌మన్ అనే ముగ్గురు తమ సంస్థలోని ఈ-మెయిల్ కవర్ల నుండి, ఏ ఉద్యోగులు ఏ గుంపులుగా పనిచేస్తున్నారో కంప్యూటరుతో కనిపెట్టారు. వారు అంతటితో ఆగలేదు. దొరికిన గుంపులను తీసుకొనిపోయి, వాటిలోని కొందరు ఉద్యోగులకు చూపి, ఇది నిజమేనా అని అడిగి సరిచూచుకొన్నారు. చాలవరకు నిజమేనని తేలినది. ఆ పనికి విలువ కట్టవలసినది గుంపులు దొరికినందుకు కాదు, అడిగినందుకు.

మొరీనో ముందు అడిగి తరువాత గీచాడు. వీరు ముందు గీచి తరువాత అడిగారు. రెండూ శాస్త్రీయమే. అసలే అడగనిది మాత్రము అర్ధశాస్త్రము. ఇమ్మర్షన్ విషయములో పటము చూచేవాడూ, పటములోని జీవితము గడిపినవాడూ ఒక్కడే కాబట్టి, అడగడమన్నది తనంతట తానే జరిగిపోయేది. "అమ్మ ఏది?" అని వెంటనే అతనికి తోస్తుంది. అదే పటము పై అధికారి చేతికి, లేక పోలీసు చేతికి పోయినప్పుడు ఆ ప్రశ్న వేసేవారు ఉండరు. సాధనము అదే, పటము అదే. చూచే కన్ను మారినది. ఇమ్మర్షన్ తన చుట్టూ ఈ హెచ్చరికను ఇంకా గట్టిగా వ్రాసి ఉంచవలసినది. అందమైన రంగులు ఆ హెచ్చరికను కప్పివేసినవని నా అభిప్రాయము. అయినప్పటికీ, మెటాడేటా అంటే ఏమిటో వంద ఉపన్యాసాలు చెప్పలేనిది ఒక్క బొమ్మతో చెప్పిన ఘనత దానికి దక్కుతుంది.

ఉన్నత పాఠశాలలో ఈ విషయాన్ని బోధింపదలచినవారు కంప్యూటరు లేకుండానే చేయవచ్చును. ఒక వారముపాటు తాము ఎవరెవరికి ఫోను చేశారో, ఎవరెవరికి సందేశాలు పంపారో విద్యార్థులను వ్రాసి ఉంచమనండి. పేర్లు వద్దు, అంకెలు వేసుకొమ్మనండి. వారము చివర ఎవరి పటము వారే గీయాలి. మనిషికి వలయము, ఒకే సందేశములో కలిసిన ఇద్దరికి గీత. గీచిన తరువాత రెండు ప్రశ్నలు అడగండి. నీకు ముఖ్యులై ఉండి ఈ పటములో లేనివారు ఎంతమంది? ఈ పటము అపరిచితునికి దొరికితే, నీవు చెప్పదలచని ఏ సంగతి అతనికి తెలిసిపోతుంది? రెండవ ప్రశ్నకు సమాధానము పైకి చెప్పమనవద్దు. ఆ కాగితాలను సేకరించి మార్కులు వేయవద్దు. ఎవరి పటము వారి దగ్గరనే ఉండనివ్వండి.